నడిగడ్డ బావుల మీది నకలు ఇంజన్లు

పాత యంత్రాలు సేకరించేవాళ్ళు దేన్ని చూసినా ముందుగా అడిగేది, ఇది అసలు కంపెనీదేనా అని. పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్లను పోగుచేసే అమెరికా, ఇంగ్లండ్ అభిరుచిదారులకు ఆ ప్రశ్న సరిగ్గానే పనికొస్తుంది. ఆ కంపెనీలు పుట్టింది, పెరిగింది, మూతపడింది వాళ్ళ ఊళ్ళలోనే. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో మాత్రం ఆ ప్రశ్న దారి తప్పిస్తుంది. గద్వాల, మల్దకల్, అయిజ చుట్టుపక్కల పాత యంత్రమంటే పడవ మోటారు కాదు, బావి గడ్డ మీద నీళ్ళు తోడిన ఆయిల్ ఇంజన్. దాన్ని పుట్టించింది ఇంగ్లండు. మన రైతు దాకా చేరింది మాత్రం ఎక్కువగా దాని నకళ్ళే. నకలు కాబట్టి దానికి చరిత్ర లేదనుకుని పాత ఇనుము కింద తూకానికి వేస్తున్నాం. ఆ నకలు ఇంజనే మనం ముందుగా దాచుకోవలసిన వస్తువని నా అభిప్రాయం. ఆ నకళ్ళకు మూలమైన లిస్టర్ ఇంజన్ ఇంగ్లండులో ఎన్నో చోట్ల భద్రంగా ఉంది. పేరు లేని మన ఫౌండ్రీల పనితనం ఇక్కడ తప్ప ఇంకెక్కడా దొరకదు.

ముందుగా అవుట్‌బోర్డ్ మోటార్ల సంగతే చూద్దాం, ఎందుకంటే అసలు, నకలు అనే గీత ఎంత పలచనో అక్కడే తెలుస్తుంది. నార్వేలో పుట్టి అమెరికాలోని మిల్వాకీలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి పెట్టిన మోటారు బరువు 62 పౌన్లు, శక్తి 1.5 హెచ్.పి. చాలామంది దాన్నే మొదటి అవుట్‌బోర్డ్ అనుకుంటారు. కానీ అంతకు ముందే కామెరాన్ వాటర్‌మన్ అనే ఆయన 1907లో పేటెంటు తీసుకుని అలాంటి మోటార్లు అమ్మాడు. ఇంకా వెనక్కి పోతే, గుస్తావ్ ట్రూవే 1881లోనే పారిస్‌లో సేన్ నది మీద విద్యుత్తు మోటారు తగిలించిన పడవ నడిపాడు. ఎవిన్‌రూడ్ గొప్పతనం మొదటివాడు కావడంలో లేదు, మామూలు మనిషి కొని వాడుకోగలిగేలా తయారుచేయడంలో ఉంది. పాత మోటార్ల కోసం 1965లో అమెరికాలో ఒక క్లబ్బు ఏర్పడింది. ఇలాంటి అభిరుచిదారుల పని మోటార్లను మెరిసేలా తుడిచి పెట్టుకోవడంతో ఆగదు. సీరియల్ నంబరు పట్టుకుని ఏ మోటారు ఏ ఏడాది, ఏ ఫ్యాక్టరీలో తయారైందో పట్టికలు రాస్తారు. ఇంగ్లండులోని బ్రిటిష్ సీగల్ మోటార్లకు నంబరును బట్టి తయారీ కాలం చెప్పగలరు. ఆ కంపెనీ 1996లో తయారీ ఆపేసింది. ఎవిన్‌రూడ్ పేరుతో వచ్చే మోటార్లు 2020లో నిలిచిపోయాయి. కంపెనీలు పోయినా వాటి తయారీ కథ పోలేదంటే, అది ఎవరో ఒకరు ఓపికగా నంబర్లు రాసి పెట్టుకున్న ఫలితం. మనకు కావలసింది ఆ ఓపిక. మోటారు ఏదైనా ఫరవాలేదు.

ఇక నడిగడ్డ. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర పారుతున్నా నడుమనున్న మెట్ట భూములకు ఆ నీళ్ళు చాలాకాలం అందలేదు. తుంగభద్ర మీది రాజోలిబండ మళ్ళింపు పథకం 87,500 ఎకరాలకు ఉద్దేశించినది, అదీ కాలువ కింద పడే ఊళ్ళకే. జూరాల ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1981లో. మల్దకల్ మండలంలోని తాటికుంట వంటి చోట్ల నీళ్ళు నిలబెట్టే నెట్టెంపాడు ఎత్తిపోతల పథకం ఇంకా చాలా తర్వాతిది. అంతదాకా మెట్ట రైతుకు దిక్కు వాన, చెరువు, బావి. బావి మీద మోట. తోలు బొక్కెనకు మోకు కట్టి, ఎడ్ల జతను వాలు బాట మీద కిందికీ పైకీ నడిపిస్తూ తోడుకునే నీళ్ళు. రోజంతా కొట్టినా తడిసేది కొద్దిపాటి మడి. ఎడ్లు అలసిపోతే పని ఆగిపోతుంది, ఎండాకాలం మేత కరువైతే ఎడ్లే ఉండవు. ఈ కష్టం తెలిసినవాళ్ళ కళ్ళతో చూస్తేనే ఐదు హెచ్.పి. ఇంజన్ ఆ ఊళ్ళకు ఏం తెచ్చిందో అర్థమవుతుంది. రాత్రంతా తోడినా అది అలసిపోదు. ఆడని రోజు దానికి మేత పెట్టక్కర్లేదు. పట్టా మార్చి తగిలిస్తే అదే ఇంజన్ గిర్ని కూడా తిప్పుతుంది.

ఆ ఇంజన్ల మూలపురుషుడు ఇంగ్లండులోని డర్స్లీ ఊరివాడు. అక్కడి ఆర్. ఎ. లిస్టర్ కంపెనీ 1867లో మొదలైంది. ఆ కంపెనీ 1929లో సి.ఎస్. అనే డీజిల్ ఇంజన్ తెచ్చింది. ఆ అక్షరాలకు అర్థం చల్లగా ఉన్నప్పుడే స్టార్టయ్యేదని. అంతకు ముందరి ఆయిల్ ఇంజన్లలో చాలావాటికి, ముఖ్యంగా హెర్బర్ట్ ఎక్రాయిడ్ స్టూవర్ట్ పద్ధతిలో గ్రాంథమ్ పట్టణంలోని హార్న్స్‌బీ కంపెనీ 1892 నుంచి చేసినవాటికి, తలకాయ దగ్గరి గుండును మంటతో ఎర్రగా కాల్చితే గాని ఇంజన్ అందుకునేది కాదు. లిస్టర్‌కు ఆ బాధ లేదు. కవాటం ఎత్తిపట్టి, హ్యాండిల్ వేసి, బరువైన చక్రాన్ని వేగం అందుకునేదాకా తిప్పి, కవాటం వదిలేస్తే చాలు. లోపల బిగిసిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఒకే సిలిండరు, రెండు పక్కలా రెండు పెద్ద ఫ్లైవీళ్ళు, నిమిషానికి 600 చుట్లు, 5 హెచ్.పి., బరువు మూడు క్వింటాళ్ళ పైమాట. పక్కన నీళ్ళ తొట్టి పెడితే వేడెక్కిన నీళ్ళు వాటంతట అవే పైకి పోయి, చల్లబడినవి కిందికి వచ్చి సిలిండరును చల్లారుస్తాయి, దానికి వేరే పంపు అక్కర్లేదు. దూరం నుంచి వింటే ప్రతి పేలుడూ విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. ఈ నమూనాను ఇంగ్లండులో 1987 దాకా తయారుచేశారు. ఒక యంత్రం దాదాపు 60 ఏళ్ళు పెద్దగా మారకుండా నిలవడం చిన్న విషయం కాదు.

అంత నెమ్మదిగా తిరిగే ఇంజన్ కావడమే దాని నకళ్ళకు తలుపు తెరిచింది. వేగం తక్కువ కాబట్టి కొలతల్లో కాస్త అటూఇటూ అయినా ఓర్చుకుంటుంది. ఒళ్ళంతా బీడు ఇనుము. ఇసుక అచ్చు పోయగల ఫౌండ్రీ, ఒక లేత్ మిషన్, చేయి తిరిగిన పనివాడు ఉంటే సగం ఇంజన్ తయారైనట్టే. మన దేశంలో పెద్ద కంపెనీల దారి వేరు. లక్ష్మణరావు కిర్లోస్కర్ మహారాష్ట్రలో 1910లో కిర్లోస్కర్‌వాడి నెలకొల్పాడు. నాగళ్ళతో, పంపులతో పేరు తెచ్చుకున్న ఆ కుటుంబమే 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ ప్రారంభించింది. అది బ్రిటిష్ కంపెనీల సాంకేతిక సహకారంతో ఒప్పందాల ప్రకారం సాగిన తయారీ. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో జరిగింది వేరు. అక్కడి చిన్న చిన్న ఫౌండ్రీలు, వర్క్‌షాపులు లిస్టర్‌నూ, ఇంగ్లండుదే అయిన పెట్టర్ ఇంజన్‌నూ విప్పి చూసి, ఒక్కో భాగాన్ని పోతపోసి, ఒక్కో షెడ్డు ఒక్కో పని పంచుకుని ఇంజన్లు కట్టడం నేర్చుకున్నాయి. ఫ్లైవీల్ ఒకచోట, క్రాంక్ ఒకచోట, బిగింపు మరోచోట. రాజ్‌కోట్ ఇంజన్లు దేశమంతా వెళ్ళాయి. ఆఫ్రికాకూ పశ్చిమాసియాకూ వెళ్ళాయి. అమెరికాలో కరెంటు తీగకు దూరంగా బతికేవాళ్ళు కూడా వాటిని తెప్పించుకున్నారు, అక్కడి పర్యావరణ నిబంధనలు అడ్డుపడేదాకా. మాలీ దేశపు పల్లెల్లో ధాన్యం దంచడానికీ పిండి విసరడానికీ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ తోడ్పాటుతో పెట్టిన యంత్ర వేదికల మీద కూడా ఈ లిస్టర్ నమూనా ఇంజన్లే ఆడాయి.

నకలు అన్న మాట వినగానే చౌకరకం, దొంగసరుకు అనిపించడం సహజమే. కానీ ఒక్క ఇంజన్‌ను విప్పి వరసగా చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. బాడీ, చక్రాలు రాజ్‌కోట్ పోత కావచ్చు. ఇంధనం చిమ్మే పంపు, నాజిల్ మాత్రం ఏ చిన్న ఫౌండ్రీకీ అప్పట్లో చేతకాని పని. అందులో దూరే కడ్డీకీ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లకు మించకూడదు, వెంట్రుక మందం అంతకు ఎన్నో రెట్లు. ఆ భాగాలకు పేరుపడింది బెంగళూరులో 1951లో జర్మనీ బాష్ కంపెనీ భాగస్వామ్యంతో వెలసిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, మన మెకానిక్కుల నోట మైకో. అంటే బావి గడ్డ మీద ఆడిన ఒక్క ఇంజన్‌లో ఇంగ్లండు ఆలోచన, గుజరాత్ పోత, బెంగళూరు నునుపు పని కలిసి ఉండవచ్చు. నకలు చేసినవాళ్ళు కళ్ళు మూసుకుని దింపలేదు కూడా. లిస్టర్ అసలు నమూనాలో క్రాంకు బుష్షుల మీద తిరిగేది. రాజ్‌కోట్ తయారీదారుల్లో కొందరు దాని బదులు టేపర్ రోలర్ బేరింగులు పెట్టారు. కొందరు తలకాయను మార్చారు, కొందరు వేగం పెంచి అదే కొలతలో ఎక్కువ హెచ్.పి. రాబట్టారు. లోపాలూ ఉన్నాయి. పోతపోసినప్పటి ఇసుక క్రాంక్‌కేసులో మిగిలిపోయి, నూనెలో కలిసి బేరింగులు అరగదీసిన ఇంజన్లు వచ్చాయి. కొత్త ఇంజన్ కొనగానే విప్పి, కడిగి, మళ్ళీ బిగించిన తర్వాతే నడపాలని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణం అదే. ఆ ఇసుక రేణువు కూడా తయారీ చరిత్రే, ఆ షెడ్డులో పని ఎలా జరిగిందో చెప్పే సాక్ష్యం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. వారసత్వం అన్నాక దానికి ఊరూ పేరూ ఉండాలి, ఎవరు చేశారో తెలియనిదాన్ని చరిత్ర కింద ఎలా లెక్కగడతామని అడగవచ్చు. నిజమే, పేరు లేని ఇంజన్‌కు తేదీ కట్టడం కష్టం. అయితే ఆ పేర్ల గందరగోళం కూడా ఆనాటి మార్కెట్టు గురించి చెబుతుంది. రాజ్‌కోట్‌లోని పి.ఎం. డీజిల్స్ వారి ఫీల్డ్‌మార్షల్ పేరు రైతులకు ఎంత నమ్మకమైందంటే, పంపులపై ఆ పేరు ఎవరికి చెందాలన్న తగాదా కోర్టుల వెంట నడిచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2008లో అక్కడ తీర్పు వచ్చింది. చదువు రాని రైతు కూడా బొమ్మను, రంగును, పేరును గుర్తుపట్టి కొనేవాడు కాబట్టే ఒక పేరు కోసం ఇంత పోరాటం. పేరు పలక ఊడిపోయిన ఇంజన్ మీద కూడా పోతలో పడిన అక్షరాలు, చక్రపు ఆకుల సంఖ్య, బోల్టుల మర, బేరింగు మూత ఆకారం మిగిలే ఉంటాయి. మన దేవాలయాల శిల్పులు ఎంతమంది పేర్లు మనకు తెలుసు? అయినా శైలి చూసి బాదామి చాళుక్యులదో కాకతీయులదో చెప్పడం పండితులు నేర్చుకున్నారు. పది ఇంజన్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రెండు ఒకే అచ్చులోంచి వచ్చాయో చెప్పగలిగే కన్ను కూడా అలాగే తయారవుతుంది. అందుకు ముందు ఆ పది మిగలాలి.

అవి ఎందుకు మిగలడం లేదో చూస్తే కాలం ఎంత తక్కువుందో తెలుస్తుంది. ఇంజన్‌కు తగిలించే పంపు నీళ్ళను పైకి పీల్చేది గాలి ఒత్తిడి ఆసరాతో. లెక్క ప్రకారం 10 మీటర్లకు కాస్త పైన, ఆచరణలో ఏడు మీటర్ల లోతు దాటితే పీల్చలేదు. బావిలో నీళ్ళు దిగిపోయినకొద్దీ రైతులు బావి లోపలే గట్టు కట్టి, ఇంజన్‌నో పంపునో కిందికి దించుకున్నారు. బోర్లు వచ్చి నీళ్ళు ఇంకా లోతుకు పోయాక ఆ ఉపాయమూ పనికిరాలేదు, నీళ్ళలో మునిగి ఉండి కింది నుంచి పైకి తోసే సబ్‌మెర్సిబుల్ మోటారు రాజ్యం మొదలైంది. ఈలోగా ఊళ్ళకు కరెంటు వచ్చింది. హెచ్.పి.ని బట్టి ఏటా ఇంత అని ఒకే రేటు కట్టే రోజులు వచ్చాయి, 2004 మేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకు ఉచిత విద్యుత్తు వచ్చింది, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలదైంది. డీజిల్ కొని నీళ్ళు తోడే అవసరం ఎవరికీ మిగలలేదు. గిర్నీలు కూడా మోటార్ల మీదికి మారాయి. పని లేని మూడు క్వింటాళ్ళ బీడు ఇనుమును చూస్తే పాత సామాన్ల వ్యాపారికి కనిపించేది తూకమే. సుత్తి దెబ్బకు బీడు పగిలిపోతుంది, ముక్కలు చేసి లారీకెత్తడం సులువు. పెళ్ళి ఖర్చుకో ఎరువులకో పాత ఇంజన్ అమ్ముకున్న రైతును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అతను అమ్మేలోగా పట్టించుకోవలసింది మనం.

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. ఆయిల్ ఇంజన్‌ను ముద్దుగా తలుచుకోవడమంటే ఒక అసమానతను ముద్దుచేయడం కాదా అని. ఆలోచించవలసిన ప్రశ్నే. ఊళ్ళో ఇంజన్ కొనగలిగింది ముందుగా భూమీ పలుకుబడీ ఉన్నవాళ్ళు. మిగిలినవాళ్ళు భూమి తనఖా బ్యాంకులోనో వడ్డీ వ్యాపారి దగ్గరో అప్పు చేశారు, లేదా గంటల లెక్కన నీళ్ళు కొనుక్కున్నారు. మోట కొట్టి బతికిన జీతగాళ్ళలో కొందరికి ఇంజన్ వచ్చాక పని పోయి ఉంటుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఇంజన్‌ను కరిగించేస్తే ఆ అసమానత కరిగిపోదు, దాని సాక్ష్యం మాత్రం కరిగిపోతుంది. అందుకే ఇంజన్ ఒక్కటే సేకరించడం అసంపూర్ణం. దాని కొనుగోలు రసీదు, బ్యాంకు అప్పు కాగితం, నీళ్ళు ఇచ్చిన గంటలు రాసుకున్న చిట్టా దొరికితే అవి చక్రాలంత విలువైనవి. తాతల పెట్టెలో భూమి పత్రాల నడుమ అలాంటి కాగితాలు ఉండవచ్చు. వాటిని ఇంజన్‌తో జతచేసి దాచినప్పుడే ఎవరి పొలం తడిసింది, ఎవరిది ఎండిందన్నది కూడా ఆ సేకరణలో పలుకుతుంది.

పొగ సంగతి కూడా దాటవేయలేను. ఈ ఇంజన్లూ, వీటిని పోసిన ఫౌండ్రీలూ గాలిని పాడుచేశాయి. డీజిల్ ఇంజన్లకూ బీడు పోతలకూ పేరున్న మరో పట్టణం ఆగ్రా. తాజ్‌మహల్‌ను కాపాడటానికి 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు అక్కడి 292 పరిశ్రమలను బొగ్గు మాని సహజవాయువుకు మారమనీ, మారలేకపోతే ఆ ప్రాంతం వదిలిపొమ్మనీ ఆదేశించింది. ఆ ఆదేశం అవసరమైనదే. పాలరాతి కట్టడాన్ని కాపాడుకోవడానికి అంత శ్రమపడ్డ దేశంలో, ఆ కొలిమిల ముందు నిలబడి పనిచేసినవాళ్ళ విద్యను కనీసం రాసిపెట్టుకోవాలన్న ఆలోచన అంతగా కనిపించదు, నన్ను బాధించేది అది. పాత ఇంజన్లను మళ్ళీ పొలాల్లో నడపమని ఎవరూ కోరడం లేదు. ఏడాదికి ఒకసారి జాతరలో కాసేపు ఆడించి పిల్లలకు చూపిస్తే వచ్చే పొగ ఎంత?

కాపాడటం నడిగడ్డకు తెలియని విద్య కాదు. శ్రీశైలం జలాశయం కింద మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి తిరిగి నిలబెట్టారు. ముంపు ఊళ్ళ శిల్పాలెన్నో అలా చోటు మారి బతికాయి. రాయికి చేసింది ఇనుముకు చేయడానికి అంత డబ్బు, అంత యంత్రాంగం అక్కర్లేదు. ఒక బడి ఆవరణలో రేకుల షెడ్డు, వాన తగలని అరుగు చాలు. అయితే చేసే తీరులో కొంత నిగ్రహం కావాలి. దొరకగానే గీకి, కొత్త ఎనామెల్ రంగు పూసి నిలబెడితే ఇంజన్ అందంగా కనిపిస్తుంది, కానీ అడుగున ఉన్న పాత రంగు, చేత్తో రాసిన యజమాని పేరు, వెల్డింగు మచ్చ అన్నీ పోతాయి. పగిలిన తలకాయకు గద్వాలలోనో రాయచూరులోనో వేసిన అతుకు ఆ ఇంజన్ జీవితంలో భాగం, దాన్ని సాపు చేయకూడదు. తుప్పు ముదరకుండా నూనె పట్టించి, బిగుసుకున్న పిస్టన్‌ను బలవంతంగా కొట్టకుండా డీజిల్ పోసి రోజులతరబడి నాననిచ్చి కదిలించడం మేలు. తిరిగితే మంచిదే. తిరగకపోయినా దాని విలువ తగ్గదు.

ఇంజన్ కంటే ముందు తరిగిపోయేది దాన్ని విప్పి బిగించిన మనిషి జ్ఞాపకం. చప్పుడు విని ఏ కవాటం కాలిందో చెప్పిన మెకానిక్కులు, నాజిల్‌ను గాలిలో చిమ్మించి పొగమంచు తీరు చూసి బాగుందో లేదో తేల్చినవాళ్ళు ఇప్పుడు వృద్ధులు. ఆ విద్య గురువు చేతి నుంచి శిష్యుడి చేతికి పోయింది, కాగితం మీదికి అంతగా రాలేదు. వాళ్ళను కూర్చోబెట్టి ఏ భాగాన్ని ఏమని పిలిచారో, విడిభాగాలు ఏ ఊరి నుంచి తెప్పించారో, ఏ పేరు ఇంజన్‌ను ఎందుకు నమ్మారో అడిగి ఫోన్‌లో రికార్డు చేయడానికి ఖర్చేమీ లేదు. కాలేజీలో మెకానికల్ చదివే పిల్లలకు ఇంతకు మించిన పాఠం దొరకడం కష్టం. సీరియల్ నంబరు, పోత గుర్తులు, పేరు పలక ఫొటో, చక్రం కొలత, బేరింగు రకం, ఎవరి బావి, ఎన్నేళ్ళు ఆడింది: ఒక్కో ఇంజన్‌కు ఇంతమట్టుకు రాసినా అమెరికా మోటారు సేకర్తల పట్టికలకు తీసిపోని రికార్డు తయారవుతుంది. వెతకడం మొదలుపెట్టవలసింది పాత ఇనుప దుకాణాల్లో కాదు, అక్కడికి చేరేసరికి ఆలస్యమైపోతుంది. మల్దకల్ చుట్టూ ఎండిపోయిన వ్యవసాయ బావుల లోపలి గట్ల మీద చూడాలి. పైకెత్తే ఖర్చుకు వెనకాడి, లేదా మళ్ళీ నీళ్ళు వస్తాయన్న ఆశతో, దించినవాళ్ళు దించినచోటే వదిలేసిన ఇంజన్లూ పంపులూ ఉంటే అక్కడే ఉంటాయి.